పదికి మూడు మార్కుల దయ్యం

దయ్యాల సినిమా తీసినవాళ్లు సెన్సారు సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకుంటే పని అయిపోయిందనుకుంటారు. పాపం, వాళ్లకు తెలియదు. రెండో సర్టిఫికెట్ వరంగల్లో కాశిబుగ్గ చౌరస్తా దగ్గర ఓంప్రకాశ్ చాయ్ హోటల్లో సారంగపాణి ఇవ్వాలి. ఆయన ఇంతవరకు ఏ సినిమాకూ పదికి నాలుగు మార్కులు దాటనివ్వలేదు.

సారంగపాణికి యాభై ఆరేళ్లు. తాత, తండ్రి గుంట మగ్గం మీద నేశారు. ఈయన ఇరవై ఏళ్లకే సాంచెల మీదికి మారాడు. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. రేకుల షెడ్డులో ఇరవై నాలుగు సాంచెలు ఒక్కసారి మొదలైతే పక్కింటి గోడ మీద క్యాలెండరు నిలవదు. ఇక మనిషి మాటను ఎవరు ఖాతరు చేస్తారు? అందుకే కార్ఖానాలో అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటి దాకా ఎత్తితే చాయ్ వచ్చిందని. రెండు వేళ్లు రుద్దితే పోగు తెగిందని. మీసం మెలేస్తే సేటు వస్తున్నాడని. సేటుకు మీసం లేదన్నది వేరే సంగతి. మిగిలినదంతా ఎదుటివాడి పెదవులు చూసి పట్టుకోవాలి. ముప్పై ఆరేళ్లు ఆ చదువు చదివిన సారంగపాణి, షెడ్డు ఆ చివర నిలబడ్డవాడు తనను ఏమని తిట్టుకున్నాడో ఈ చివర నుంచి పొల్లుపోకుండా చెప్పగలడు.

ఆదివారం సాంచెలు బంద్. పొద్దున పది గంటలకు ఓంప్రకాశ్ తన హోటల్ టీవీలో ఒక దయ్యం సినిమా పెడతాడు. జనం వచ్చేది సినిమా కోసం కాదు, సారంగపాణి ముఖం చూడటానికి. తెర మీద తలుపు కిర్రుమంటుంది, బెంచీ మీద అందరూ ఒకరి మీదికి ఒకరు జరుగుతారు. ఎక్కడో గజ్జె ఘల్లుమంటుంది, ఎవడో చాయ్ ఒలకబోసుకుంటాడు. సారంగపాణి మాత్రం బిస్కెట్టు ఎంతసేపు ముంచితే విరగకుండా మెత్తబడుతుందో, ఆ పరిశోధనలో ఉంటాడు. సినిమా అయిపోయాక మూతి తుడుచుకుని తీర్పు చెబుతాడు.

"గిదేం దయ్యం ఓంప్రకాశ్? వందేండ్ల కింద సచ్చిన దొరసాని అంటాండ్లు. కట్టింది సూస్తే పాలిస్టర్ చీర. అంచు సూడు, మిషన్ కుట్టు. వందేండ్ల కింద పాలిస్టర్ యాడిది? మూడు మార్కులు."

పద్మశాలీల గల్లీలో ఈ మాటకు తిరుగుండదు. దయ్యానికి కాళ్లు వెనక్కి తిరిగి ఉన్నాయా, కళ్లలో నిప్పులు రాలుతున్నాయా అని లోకమంతా చూస్తుంటే, నేసినవాడి కన్ను చీర అంచు మీదే పడుతుంది. ఇంకోసారి పరాయి దేశపు సినిమా ఒకటి తెలుగు మాటలతో వచ్చింది. అందరూ వణికిపోయారు. సారంగపాణి విసుక్కున్నాడు. "వాళ్లేం మాట్లాడ్తాండ్లో వాళ్లకే తెల్వది. రెండు మార్కులు." డబ్బింగు సినిమా ఏదైనా ఆయనకు అంతే. ఎందుకో ఎవరూ అడగలేదు. పెద్ద మనిషి, ఏదో లోతైన కారణం ఉండే ఉంటుందనుకున్నారు.

ఆయనకు అన్నిటికంటే ఒళ్లు మండిన సినిమా వేరే ఉంది. అందులో దయ్యాల కొంపలో భార్య మొగుణ్ని పిలుస్తూ ఉంటుంది, మొగుడు సోఫాలో కూర్చుని పేపరు చదువుతుంటాడు. "గా పిల్ల అన్నిసార్లు పిలుస్తాంటే ఉలకడు, పలకడు. దయ్యం ఎందుకు ఇంక, గసొంటి మొగుడుండంగ?" అని సారంగపాణి గ్లాసు బల్ల మీద కొట్టాడు. బెంచీలన్నీ అవునన్నాయి. ఆయన ఒక్క మార్కూ రాల్చని సినిమా అదొక్కటే.

ఆయన ఎప్పుడూ ఇలాగే లేడు. ముప్పై రెండేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, భార్య శకుంతలను వరంగల్ టేషన్ దగ్గరి హాలుకు దయ్యం సినిమాకు తీసుకుపోయాడు. చీకటి మెట్ల మీద గజ్జెల చప్పుడు మొదలవగానే మూత్రానికని లేచి, హాలు బయట సోడాబండి దగ్గర తేలాడు. మళ్లీ లోపలికి పోలేదు. శకుంతల సినిమా చివరి దాకా చూసి, తన పల్లీలూ ఆయన పల్లీలూ తిని, రిక్షా మాట్లాడుకుని వచ్చేటప్పుడు ఆయన్ని కూడా ఎక్కించుకుంది. ఆమెకు దయ్యమంటే లెక్కలేదు. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే సారంగపాణి దగ్గర జవాబు సిద్ధం. "గప్పటి సినిమాల్ల సరుకుండె. ఇప్పటియి ఉత్త డొల్ల." సినిమా ఏటేటా చెడిపోతోందని ఆయన అంటే అందరూ ఒప్పుకున్నారు. చెడింది సినిమాయే కానక్కరలేదని ఎవరికీ తట్టలేదు.

ఈ ఘనత గల్లీ దాటి హసన్‌పర్తి వైపున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ దాకా పాకింది. దానికి కారణం లావణ్య. సారంగపాణి ఇంటి వెనక వీధి అమ్మాయి, ఆ కాలేజీలోనే ఆఖరి సంవత్సరం. చదవాల్సింది కరెంటు గురించి, చేసేది ఫోనుతో చిన్న సినిమాలు. మార్చిలో కాలేజీ పండుగకు దయ్యాల సినిమాల పోటీ పెట్టారు. జడ్జీలు ఎవరైతే బాగుంటుందని పిల్లలు తలలు పట్టుకుంటుంటే లావణ్య ఈయన పేరు చెప్పింది. ముందు వరసలో కూర్చోబెడతారు, ఆయన ముఖం పెద్ద తెర మీద చూపిస్తారు, ఆయన్ని ఎవరి సినిమా ఉలికిపడేలా చేస్తే వాళ్లే గెలిచినట్టు. పోస్టరు కూడా వేశారు. "భయం లేని మనిషి, కాశిబుగ్గ సారంగపాణి." కింద ఫోటో. ఓంప్రకాశ్ దాన్ని హోటల్ గోడకు, దేవుడి పటం పక్కనే అంటించాడు. ముప్పై ఆరేళ్లు బట్ట నేస్తే ఒక్కడూ పేరడగలేదు. ఊరికే కూర్చుని సినిమా చూస్తే పోస్టరెక్కాడు. సారంగపాణికి ఇప్పుడు ఆ పేరు ప్రాణంతో సమానం.

లావణ్య కూడా పోటీలో ఉంది. ఆమె సినిమాలో దయ్యమే లేదు. "కంటికి రెప్ప ఉంటది పెద్దబాపూ, భయమైతే మూసుకుంటం. చెవికి రెప్ప లేదు గద! భయమంతా అండ్లనే ఉంటది" అని ఆమె సిద్ధాంతం. చప్పుళ్లు ఏరుకోవడానికి వారం పాటు సారంగపాణి ఇంట్లోనే తిరిగింది. కూతురు పెళ్లయి పరకాలకు పోయాక ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లామే, ఇల్లు నిమ్మళంగా ఉంటుంది. కండెలు చుట్టే రాట్నం కీచు, దొడ్లో నల్లా చుక్కలు, వంటింటి తలుపు గడియ, అన్నిటినీ ఫోనులో పట్టుకుపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సినిమా తయారు చేసి చూపించడానికి వచ్చింది. ఫోను సారంగపాణి చేతికిచ్చి, చిన్న స్పీకరు కిటికీలో పెట్టింది. శకుంతల ఆయన వెనక పీట మీద కూర్చుని రాట్నం తిప్పుతోంది. ఖాళీ ఇల్లు. నల్లా చుక్క పడుతోంది. గడియ కదులుతోంది. సరిగ్గా అక్కడ స్పీకరు చార్జింగు అయిపోయి నోరు మూసుకుంది. లావణ్య నాలుక కరుచుకుంది. ఆపుదామని చెయ్యి చాచేలోపే గమనించింది, సారంగపాణి ముఖంలో మార్పే లేదు. అదే చూపు, అదే తల ఊపుడు. మిగిలిన సినిమా మొత్తం మూగగానే నడిచింది. ఆయన ఫోను తిరిగి ఇచ్చాడు.

"ఉత్త ఇల్లు సూపెట్టినవ్ బిడ్డా. మనిషి లేడు, దయ్యం లేదు. ఇగ సప్పుడంటవా, జర ఎక్కువైంది. తగ్గించు. మూడు మార్కులు."

రాట్నం ఆగింది. శకుంతల లావణ్య వైపు చూసింది. తర్వాత మొగుడి వీపు వైపు చూసి, మామూలు గొంతుతో, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు అంది. "ఇగో, ఇల్లు అంటుకున్నది."

సారంగపాణి గోళ్లు చూసుకుంటున్నాడు.

"నీ అంగీ కూడ అంటుకున్నది."

ఆయన ఆవలించాడు. శకుంతల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో లావణ్యకు తెలియలేదు, బహుశా ఆమెకూ తెలియలేదు.

ఇంతకాలం ఇంట్లో ఉన్న మనిషికి ఎలా తెలియలేదని మీరు అడగవచ్చు. పెళ్లయిన ఆడవాళ్లెవరూ అడగరు. పిలిస్తే పలకడు, అడిగితే చెప్పడు, చెప్పింది చెయ్యడు. చెవుడుకు ఉండే లక్షణాలన్నీ మొగుడికీ ఉంటాయి. ఏది ఏదో విడదీసి చెప్పే డాక్టరు ఇంకా పుట్టలేదు. ఎదురుగా నిలబడి గట్టిగా అరిస్తే ఆయనకు అందేది, పెదవులు చూసి మిగతాది పట్టుకునేవాడు. సాంచెల గల్లీలో అందరూ అరిచే మాట్లాడతారు కాబట్టి బయట బండి నడిచిపోయింది. కొత్త సాంచెలు వచ్చి షెడ్డు చప్పుడు రెండింతలైన పదకొండేళ్ల నుంచీ తనను ఖాతరు చేయడం మానేశాడనే శకుంతల అనుకుంది. పదకొండేళ్లు కడుపులో పెట్టుకున్న కోపం అది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పారబోయాలో ఆమెకు తెలియలేదు, చాలా బాధేసింది.

డాక్టరు దగ్గరికి రమ్మంటే సారంగపాణి ఇంతెత్తున లేచాడు. "నాకేమైంది? అందరు గొణుగుతాండ్లు గని నాకేం తక్కువ?" చివరికి లావణ్య గట్టిగా, ఎదురుగా నిలబడి, పెదవులు కనపడేలా చెప్పింది. "పెద్దబాపూ, ఇనవడని మనిషిని కూసోవెడితె పోటీ తొండి అయితది. చెవి సూపెట్టుకోకుంటె పోస్టర్ తీపిస్త." పోస్టరు మాట పని చేసింది.

చెవుల డాక్టరమ్మ గాజుగదిలో కూర్చోబెట్టి గంట సేపు పరీక్ష చేసింది. "డోలు కొడితే నీకు ఇనవడ్తది. గజ్జె ఇనవడది. సన్నటి సప్పుళ్లన్ని పోయినయ్" అంది. భయపెట్టేది డోలు కాదని, డోలుకు ముందు వచ్చే సన్నటి కీచు అని ఆమెకు తెలియదు. లావణ్యకు తెలుసు. చింతగింజంత మిషను ఒకటి చెవిలో పెట్టారు. ఫ్యాను రెక్క శబ్దానికి ఉలిక్కిపడి, సారంగపాణి దాన్ని అక్కడే పీకి డబ్బాలో పెట్టాడు. ఇంటికి తెచ్చాక డబ్బా మూత తెరవలేదు.

కానీ పోటీ రోజు పెట్టుకోక తప్పలేదు. పేరు పోతుందని లోపల గుబులుగానే ఉంది. అయినా ధైర్యం చెప్పుకున్నాడు. "చెవుల మిషన్ వెట్టుకుంటె గుండె మారుతదా?" అని శకుంతలతో అన్నాడు. మిషను ఎవరికీ కనపడకుండా మఫ్లరు చుట్టుకున్నాడు. మార్చి ఎండలో మఫ్లరు చుట్టుకున్న మనిషిని ఎవరూ గమనించరని ఆయన లెక్క. బస్సులో పక్క సీటతను జ్వరమా అని అడిగాడు. ఇలా రహస్యం కాపాడుకుంటూ హసన్‌పర్తి చేరి, కాలేజీ హాలు బయట మిషను చెవిలో దోపుకున్నాడు.

మొదటి రెండు సినిమాల్లో దయ్యాలు గట్టిగా అరిచాయి. అరుపులు ఆయనకు కొత్త కాదు. పక్కన కూర్చున్న లెక్చరరు వైపు తిరిగి చీర అంచు గురించి చెప్పాడు కూడా. మూడోది లావణ్యది.

అదే ఖాళీ ఇల్లు, అంతకుముందు మూడు మార్కులు వేసిన ఇల్లు. చీకట్లో నల్లా చుక్క పడింది. ఆ చుక్కకు చప్పుడు ఉందని సారంగపాణికి అప్పుడే తెలిసింది. ఎక్కడో రాట్నం కీచుమంది, ఆగింది. గడియ కదిలింది. ఆ తర్వాత వంటింట్లోంచి ఒక ఆడగొంతు. సన్నగా, లోగొంతుకలో, ఏదో అడిగింది. ఆగింది. ఎవరో జవాబు చెప్పినట్టు, సరే అంది. మళ్లీ అడిగింది, మళ్లీ ఆగింది. ఆ ఆగినచోట ఏమీ వినిపించడం లేదు. అక్కడ ఎవరో ఉన్నారు, కానీ వాళ్ల మాట మనకు వినిపించదు. కెమెరా వంటింటి తలుపు తోసింది. లోపల ఎవరూ లేరు. గొంతు మాత్రం సారంగపాణి చెవి పక్కనే అడిగింది.

"అయ్యో అవ్వా!" అని సారంగపాణి లెక్చరరు ఒళ్లోకి ఎగిరాడు. మఫ్లరు ఊడింది. ఊడిన మఫ్లరు, చెవిలో మిషను, తెరుచుకున్న నోరు, అన్నీ పెద్ద తెర మీద బారెడంత కనిపించాయి. హాలు దద్దరిల్లింది. లావణ్య గెలిచింది.

భయం లేని మనిషి బస్సు దిగేసరికే కబురు ఫోన్ల మీద ఎక్కి కాశిబుగ్గ చేరింది. "పాణన్నా, చాయ్‌ల నిమ్మకాయ పిండాల్నా, దిష్టి పోతది?" అని ఓంప్రకాశ్ కేక వేశాడు. అరవకపోయినా అందేదే అన్నంత స్పష్టంగా ఆ గొంతు ఆయనకు మొదటిసారి వినిపించింది. బెంచీ మీదివాళ్లు గొణుక్కున్నది కూడా వినిపించింది. "చెవిటోడా! గందుకేనా, మనం ధైర్యం అనుకున్నం." పోస్టరు వైపు చూడకుండా ఇంటికి నడిచాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి, ముందు గదిలో కుర్చీలో కూలబడ్డాడు. మిషను పీకి పారేద్దామని చెవి దాకా చెయ్యి తీసుకుపోయాడు. అప్పుడు వినిపించింది. వంటింట్లోంచి, సన్నగా, లోగొంతుకలో, ఒక ఆడగొంతు.

అదే గొంతు. కాలేజీలో విన్నదే. అడుగుతోంది, ఆగుతోంది, సరే అంటోంది. సినిమా చెవిలోనే ఉండిపోయిందేమోనని మిషను ఒకసారి తీసి చూశాడు. ఇల్లంతా గప్‌చుప్. పెట్టుకున్నాడు. గొంతు మళ్లీ వచ్చింది. పారిపోవడానికి సోడాబండి లేదు. లేచి, గోడ పట్టుకుని వంటింటి గడప దాకా వెళ్లాడు.

సినిమాలో వంటింట్లో ఎవరూ లేరు. ఇక్కడ శకుంతల ఉంది. వీపు ఇటు పెట్టి, ఒళ్లో చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఇంకెవరూ లేరు.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అంది శకుంతల బియ్యంతో. ఆగింది. మగవాడు ఒక మాట చెప్పడానికి ఎంత సేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగింది. "ఉప్మానా? గది కడుపు నింపుతదా." రాయి ఏరి పక్కన పడేసింది. "పిల్ల ఫోన్ చేసింది. పండుగకు వస్తదట. వంకాయ చెయ్యాల్నా, బీరకాయ చెయ్యాల్నా?" ఆగింది. "నీ ఇష్టమంటవ్. ఎప్పుడు గదే మాట."

సారంగపాణి గడప మీదే నిలబడి విన్నాడు. ముప్పై రెండేళ్ల పెళ్లాం గొంతు హాల్లో ఎందుకు గుర్తుపట్టలేదో ఇప్పుడు తెలిసింది. ఆయనకు తెలిసింది ఆమె అరుపు ఒక్కటే. ఈ గొంతు పదకొండేళ్లుగా ఆయన దాకా రాలేదు. అన్నాళ్లూ ఆమె అడిగింది, ఆయన వాటా జవాబు కూడా తనే ఊహించుకుని, దానికి బదులు చెప్పుకుంటూ ఈ ఇంట్లో కాపురం చేసింది. సోఫాలో పేపరు చదివే మొగుడు గుర్తొచ్చాడు. వాడికి సున్నా వేసింది తనే.

"చాయ్ పెట్టనా?" అంది శకుంతల. ఆగింది.

"పెట్టు" అన్నాడు సారంగపాణి.

"అమ్మో!" అని శకుంతల కెవ్వున అరిచింది. చాట ఎగిరింది, బియ్యం వంటిల్లంతా చెదిరాయి. గజ్జెల చప్పుడుకు పల్లీలు తిన్న మనిషి గోడకు అతుక్కుపోయి, గుండె మీద చెయ్యి వేసుకుని ఆయన్ని చూసింది.

"సంపుతవా ఏందయ్యా నన్ను? సప్పుడు చేసుకుంట రావద్దా?"

"నాతోనేనాయె. ఎవలతోని మాట్లాడ్తానవో అనుకున్న" అన్నాడు సారంగపాణి. "గా సినిమాల గొంతు నీదేనా?"

"నాదే. లావణ్య అడిగి పట్టుకపోయింది. పెద్దమ్మా, నువ్వొక్కదానివే మాట్లాడుకుంటవ్ గద, గది కావాలె అన్నది. భయమైందటగ? గల్లంత చెప్పుకుంటాండ్లు."

"అయింది" అన్నాడు. గల్లీ సంగతి ఆయనకు గుర్తు కూడా రాలేదు. "శానా అయింది."

ఇద్దరూ కూర్చుని బియ్యం ఏరి చాటలోకి ఎత్తారు. తర్వాత ఆమె పొయ్యి వెలిగించి నీళ్లు పెట్టింది. చక్కెర డబ్బా దించింది. ఆయన చాయ్‌లో చక్కెర ఎంతో ఆమెకు ముప్పై రెండేళ్లుగా తెలుసు.

"ఎంత వెయ్యాలె?" అని అడిగింది. ఆయన చెప్పేదాకా డబ్బా మూత తీయలేదు.